మా పద్మినికి లోపలి రంగు

కారుకు రంగు వేయించామంటే ఎవరూ వింతగా చూడరు. కారు లోపల రంగు మారుస్తున్నామంటే మాత్రం, "అదేమిటండీ, లోపలెవరు చూడొచ్చారు?" అంటారు. ఈ ప్రశ్న మా కాలేజీ స్టాఫు రూములో నలుగురు అడిగారు. ఇంట్లో మా ఆవిడ అడిగింది. చివరికి పెట్రోలు బంకు కుర్రవాడు కూడా అడిగాడు. లోపల కూర్చునేవాళ్ళు చూస్తారని నా జవాబు. ఆ జవాబులో ఎంత నిజముందో అప్పటికి నాకూ తెలియదు లెండి.

మా కారు ప్రీమియర్ పద్మిని, 1978 నాటిది. తెలుగు ఎమ్మే చదివినవాడికి పద్మిని అనగానే కారు గుర్తు రావడం ఏమంత గౌరవం కాదు. పద్మిని, చిత్తిని, శంఖిని, హస్తిని అని స్త్రీలను నాలుగు జాతులు చేసిన పెద్దలు పద్మినికి మొదటి పీట వేశారు. ఆ లెక్కన, చలికాలం పొద్దుటిపూట నలుగురం కలిసి నెడితేగాని కదలని మా కారును హస్తిని అనవలసింది. ఇటలీవారి ఫియట్ 1100ను బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్సువారు తయారు చేస్తూ, 1974 నుంచి దానికి పద్మిని అని పేరు పెట్టారు. బొంబాయి టాక్సీలంటే ఒకప్పుడివే. అక్కడ ఆఖరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయిందని పేపర్లో చదివిన రోజున, ఎందుకో మా షెడ్డులోకి వెళ్ళి కారు మీది దుమ్ము తుడిచి వచ్చాను.

దీన్ని నాన్నగారు 1986లో ఒక ఆసామీ దగ్గర కొన్నారు. ఆయన రేపల్లె దగ్గర పల్లెటూళ్ళో డాక్టరు. ముందు సీటు బల్లలా ఒకటే ఉండేది. గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉండేది గనుక కాళ్ళకడ్డం ఏమీ లేదు. నాన్నగారు, మధ్యలో నేను, ఆ చివర అక్కయ్య. వెనక సీటు అమ్మదీ, ఆవిడ సంచులదీ. ఆ వెనక సీటే అవసరమొచ్చినప్పుడు రోగులదీని. 2019లో నాన్నగారు పోయాక కారు తెనాలిలో మా ఇంటికి వచ్చింది. ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకుంటూ, ఆదివారాలు ఊరవతలి దాకా ఒకసారి తిప్పి తెచ్చేవాణ్ణి. అంతకు మించి దానికి పనీ లేదు, నాకు తీరికా లేదు.

2024లో మా అక్కయ్య కూతురికి పెళ్ళి కుదిరింది. శ్రావణంలో ముహూర్తం. పిల్ల బెంగుళూరులో పెద్ద ఉద్యోగం చేస్తోంది. అలాంటి పిల్ల, "మామయ్యా, విడిదింటి నుంచి మంటపానికి నేను తాతగారి కార్లోనే వస్తాను" అని కూర్చుంది. సంతోషించి షెడ్డు తలుపు తీశాను. తీశాక సంతోషం సగానికి తగ్గింది. లోపలి సీట్లు, తలుపుల ప్యాడ్లు, ఎండకడ్డంగా దించుకునే పలకలు, అన్నీ కాఫీపొడి రంగు. ఆ రంగు వేసవి చెరువులా నెర్రెలు విచ్చింది. చేత్తో తడిమితే పెచ్చులు ఊడి వస్తున్నాయి. పెళ్ళికూతురు పట్టుచీర కట్టుకుని అందులో కూర్చుందంటే దిగేటప్పటికి చీరకు మరో అంచు వస్తుంది.

"పైన కవర్లు తొడిగించరా, సరిపోతుంది. లోపలివి కదిలించడం ఎందుకు?" అంది అమ్మ. ఖర్చు చూసి అంటోందనుకున్నాను.

ఆ కాఫీపొడి రంగు కంపెనీవారు ఇచ్చింది కాదు, నాన్నగారు వేయించింది. నాకు బాగా జ్ఞాపకం. 1990 జూన్ నెల, బళ్ళు తెరవబోయే ముందు. విజయవాడ నుంచి ఒక పెయింటరు వచ్చాడు. వేపచెట్టు కింద సీట్లు పరిచారు. అద్దాలకు పాత పేపర్లు అంటించే పని నాది. అప్పుడు నాకు పదకొండేళ్ళు. థిన్నరు వాసనకు తల తిరిగినా సరే అక్కణ్ణుంచి కదలలేదు. తెల్లగా మీగడలా ఉన్న సీట్లు మధ్యాహ్నానికి నల్లబడిపోయాయి. "బాగున్నదాన్ని ఎందుకు నాన్నగారూ?" అని అడిగితే, "మాపు కనపడదురా" అన్నారు. అంతే. ఆయన మాటలు ఎప్పుడూ మందు చీటీలాగే క్లుప్తంగా ఉండేవి.

సీట్లు కుట్టే మేస్త్రి ఒకాయన మా వీధి చివర ఉన్నాడు. ముప్పై ఏళ్ళు విజయవాడ ఆటోనగరులో పనిచేసి వచ్చినవాడు. కారు చూసి, "రెక్సిన్ గట్టిగానే ఉంది మాస్టారూ, పైన పూసిందే చెడింది" అన్నాడు.

ఇక్కడ ఒక్క మాట. రెక్సిన్ అని మనమంతా అంటున్నది నిజానికి ఒక కంపెనీ పేరు. ఇంగ్లండులో మాంచెస్టరు దగ్గర హైడ్ అనే ఊళ్ళో, గుడ్డ మీద సెల్యులోజు పూత వేసి తోలులా కనిపించే సరుకు తయారు చేసి ఆ పేరుతో అమ్మేవారు. సరుకు మారింది గాని మన నోట పేరు మిగిలిపోయింది. ఇప్పుడు మనం కూర్చునేది వినైలు మీద. అది అసలు బిరుసైన పదార్థం. 1926లో అమెరికాలో గుడ్‌రిచ్ కంపెనీలో వాల్డో సెమన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు, రబ్బరును లోహానికి అతికించే జిగురు కోసం వెతుకుతూ, దాన్ని కొన్ని ద్రావకాలలో మరిగిస్తే మెత్తగా సాగే గుణం వచ్చింది. వెతికిన జిగురు దొరకలేదు గాని, తర్వాత లోకానికంతా సీట్లు దొరికాయి. ఆ మెత్తదనాన్నిచ్చే నూనెలాంటి పదార్థం ఎండకు ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా బయటికి పోతూనే ఉంటుంది. కొత్త కారు వాసనలో కొంత అదే. అద్దం లోపలివైపు పట్టే జిడ్డూ అదే. అదంతా పోయిన రోజున రెక్సిన్ అప్పడంలా విరుగుతుంది. మా అదృష్టం, కారు ఎప్పుడూ నీడలోనే ఉంది.

ఆటోనగరుకు వెళ్ళి రంగు డబ్బాలు తెచ్చాను. డబ్బా మీద 'వినైల్ డై' అని ఉంది. డై అంటే మన భాషలో అద్దకం కదా అని మేస్త్రితో అన్నాను. ఆయన నవ్వి, "అది పేరుకే మాస్టారూ. అద్దకమంటే గుడ్డలోకి ఇంకాలి. ఇది ఇంకదు, పైన పట్టుకుంటుంది. పూత" అన్నాడు. సంగతేమిటంటే, ఆ రంగులో ఘాటైన ద్రావకాలుంటాయి. అవి రెక్సిన్ పైపొరను కాసేపు కొంచెం మెత్తబరుస్తాయి. ఆ కాసేపట్లో రంగు దానితో కలిసి బిగుసుకుంటుంది. పైగా రెక్సిన్ వంగినప్పుడు అదీ వంగుతుంది. 1990లో మా పెయింటరు వాడినది కారు పైకప్పుకు కొట్టే లాకరు కాబోలు. ఇనుము వంగదు గనుక అక్కడ అది నిలుస్తుంది. మనిషి కూర్చుని లేచే చోట నెర్రెలిస్తుంది.

ఆ పాత పూత తీయడానికే నాలుగు రోజులు పట్టింది. గుడ్డను థిన్నరులో తడిపి, పిండి, జానెడు జానెడు మేర తుడవాలి. నిదానిస్తే థిన్నరు రెక్సిన్‌లోని మెత్తదనాన్ని కూడా లాగేస్తుంది. అందుకని చెయ్యి ఒకచోట నిలపకూడదు. తలుపు ప్యాడు మీది చెయ్యి ఆనించుకునే దిమ్మ విప్పితే, దాని వెనక నాన్నగారి పూత గాని ఎండ గాని తగలని ముక్క ఒకటి కనిపించింది. 1978లో ఎలా ఉందో అలాగే ఉంది. కాచిన పాల మీది మీగడ రంగు. దాన్ని చూడగానే నాకు పదేళ్ళ వయసు తిరిగి వచ్చినంత పనయింది. మేనకోడలికి ఫోనులో బొమ్మ పంపిస్తే, "అదే కావాలి మామయ్యా" అంది.

ముదురు రంగు మీద లేత రంగు వేయడం కష్టం, లేతదాని మీద ముదురు సులభం అని ఈ పనిలో మొదటి సూత్రం. అందుకే పాతదంతా తీస్తున్నాం. తర్వాత సబ్బునీళ్ళతో కడిగి, సందుల్లో పళ్ళబ్రష్షుతో తోమి, ఆరబెట్టి, స్పిరిటుతో మళ్ళీ తుడిచాం. ఇంత ఎందుకంటే, బజారులో అమ్మే మెరుపు పాలిషుల్లో సిలికోను ఉంటుంది. నేను రెండు మూడేళ్ళుగా శ్రద్ధగా అదే రాస్తూ వచ్చాను. దాని ఫలితం మొదటి తలుపు ప్యాడు మీదే కనిపించింది. నూనె ఎక్కువైన పెనం మీద దోసె పిండి అంటుకోక చెదిరిపోతుందే, అచ్చం అలా, రంగు చిన్న చిన్న గుండ్రాలుగా విడిపోయి మధ్యలో అడుగు కనిపించింది. మేస్త్రి నా వంక చూశాడు. నేను వేపచెట్టు వంక చూశాను. మళ్ళీ మొదటికి.

రెండో తప్పు కూడా నాదే. ఒక సాయంత్రం మేస్త్రి వెళ్ళిపోయాక, ఉత్సాహం ఆపుకోలేక ఎండపలక ఒకటి నేనే కొట్టాను. సన్నగా తుంపర పడుతోంది. వరండాలో కదా, తడవదులే అనుకున్నాను. ఆరాక చూస్తే మీగడ మీద బూజు పట్టినట్టు తెల్లటి పొగ. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు పైపొర చల్లబడి గాలిలోని చెమ్మను లాక్కుంటుందట. చల్లని గ్లాసుకు బయట నీళ్ళు పట్టినట్టు. "వాన రోజున రంగు ముట్టుకోగూడదు మాస్టారూ" అన్నాడు మర్నాడు. శ్రావణంలో పెళ్ళి పెట్టుకుని వాన లేని రోజు కోసం కాచుకోవడం మా వంతయింది. ఎండ వచ్చిన రోజున మాత్రం ఆయన చేతి పని చూడాలి. తడిసీ తడవనట్టు మొదటి పొర. పది నిమిషాలు ఆగి ఇంకొకటి. ఆగి మరొకటి. పూతరేకుల్లా ఒకదాని మీద ఒకటి, ఏదీ దళసరి కాకుండా.

ముందు సీటు, తలుపులు, పలకలు అయిపోయాయి. చివరికి వెనక సీటు మిగిలింది. దాని పాత పూత తుడుస్తున్నది నేనే. ఎడమవైపు, వీపు ఆనే భాగానికి కింద, కాఫీపొడి రంగు పోతున్న కొద్దీ ఏదో ఊదాగా బయటపడసాగింది. మొదట అర్థం కాలేదు. తుడిచిన కొద్దీ పెరిగింది. జానెడున్నర వెడల్పున, అంచులు కారినట్టు, పెద్ద మచ్చ. సబ్బు పెట్టాను, స్పిరిటు పెట్టాను. గుడ్డ ఊదా అయింది గాని మచ్చ చెక్కుచెదరలేదు. మేస్త్రి వంగి చూసి, "ఇది అసలైన అద్దకం మాస్టారూ. లోపలికంటా పోయింది. పైన తెల్లరంగు వేశామా, నెల తిరక్కుండా అందులోంచి పైకొస్తుంది. తుడిస్తే పోదు, కప్పితే ఊరుకోదు. ఆ ముక్క కోసి కొత్తది కుట్టేస్తాను" అన్నాడు.

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు.

"కోయించకురా" అంది.

మేస్త్రి టీ తాగడానికి వెళ్ళాక, వరండాలో ఆ సీటు పక్కనే పీట వేసుకుని కూర్చుని చెప్పింది.

1990 మే 9న తుఫాను కృష్ణ ముఖద్వారం దగ్గర తీరం దాటింది. మా ప్రాంతంవాళ్ళెవరూ ఆ తేదీ మరిచిపోరు. నన్నూ అక్కయ్యనూ అప్పటికి గుంటూరులో అమ్మమ్మగారింటికి పంపేసి ఉన్నారు. తుఫాను వెళ్ళిన నాలుగో రాత్రి, లంకల్లో కూలికి పోయే మనిషి ఒకామెను నులకమంచం మీద మోసుకొచ్చారు. తొలి చూలు. నొప్పులు మొదలై రోజున్నర. గుంటూరు తీసుకువెళ్ళాలన్నారు నాన్నగారు. కరెంటు లేదు, బస్సుల్లేవు, దారి పొడుగునా పడిపోయిన చెట్లు. వెనక సీట్లో ఆమెనూ ఆమె తల్లినీ కూర్చోబెట్టుకుని బయలుదేరారు. ఇద్దరు మగవాళ్ళు గొడ్డళ్ళతో ముందు నడిచారు. భట్టిప్రోలు దాటాక ఇక ఆగేట్టు లేదు. కారు ఆపి, టార్చిలైటు ఆమె తల్లి చేతికిచ్చి, ఆ వెనక సీటు మీదే పురుడు పోశారు. బొడ్డు కోసిన చోట పుయ్యడానికి పెట్టెలోంచి జెన్షన్ వయొలెట్ సీసా తీశారు. చిన్నప్పుడు నోట్లో పొక్కులకు పూస్తే నాలుగు రోజులు నాలుక ఊదాగా ఉండేదే, ఆ మందు. చీకట్లో ఎవరి చెయ్యి తగిలిందో, సీసా ఒలికిపోయింది.

"తల్లీపిల్లా బతికారా?" అన్నాను.

"బతికారు. ఆడపిల్ల. కారు పేరే పెట్టుకున్నారు."

అమ్మ ఆ మచ్చ వైపు చూడడంలేదు. చెంగు అంచు మడతలు పెడుతోంది.

"తెల్లారి కారు ఇంటికి తెచ్చారు. కడగమని పాలేరుకు చెప్పారు. నేను చూశాను. అప్పుడు మీ నాన్నగారితో ఒక మాటన్నానురా. పురుడు జరిగిన సీటు మీద నేనూ నా పిల్లలూ ఎలా కూర్చుంటామన్నాను. అక్కడితో ఆగలేదు. ఎవరి పురుడో కూడా అన్నాను. ఆయన నా మొహం వంక చూసి లోపలికి వెళ్ళిపోయారు. నెల రోజులు నేను ఆ కారెక్కలేదు. ఆయన ఎక్కమనలేదు. తర్వాత పెయింటరును పిలిపించారు. రంగు వేయించాక, ఇప్పుడు కూర్చోవచ్చా అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది."

"మాపు కనపడదురా" అన్న మాట నా చెవిలో మోగింది. ముప్పై నాలుగేళ్ళుగా దాన్ని సీట్లకు సంబంధించిన మాట అనుకుంటున్నాను.

"తర్వాత అడగలేదా అమ్మా ఆయన్ని?"

"ఏమని అడగను? ఆ పిల్లకు ఏడాది నిండాక వాళ్ళు అరిసెలు పట్టుకుని వచ్చారు. నేను తీసుకున్నాను. తిన్నాను కూడా. ఆయన చూశారు. అంతకంటే మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు."

ఇంతలో మేస్త్రి వచ్చాడు. ఆయన చేతిలో కొలతకు కత్తిరించిన మీగడరంగు కొత్త రెక్సిన్ ముక్క ఉంది. కోయవద్దంటున్నారని చెప్పాను. ఆయనకు ఆశ్చర్యం వేసింది. పనివాడి బాధ పనివాడిది. అన్నీ కొత్తగా మెరిసే చోట ఒక్క మచ్చ ఉంచి వెళ్ళడం ఆయనకు పరువు తక్కువ. "రేపెవరైనా చూసి ఈ పని ఎవరు చేశారని అడిగితే నా పేరు చెప్పకండి" అన్నాడు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మచ్చ చుట్టూ అంచులు శుభ్రంగా కలిపేలా మీగడరంగు పలచగా వేసి, మచ్చ మీద మాత్రం మెరుపు లేని, రంగు లేని పూత ఒకటి కొట్టాడు, బట్టలకు అంటకుండా. మా ఆవిడకు ఆ మాట మీద నమ్మకం కుదరలేదు. తెల్ల చేతిరుమాలు తడిపి, దాని మీద అదిమి, రుద్ది, వెలుగులోకి తీసుకెళ్ళి రెండువైపులా తిప్పి చూసింది. అంటలేదు. అయినా పెళ్ళికూతురు చీర ఖరీదు తలుచుకుని, "ఎందుకైనా మంచిది, అటువైపు దాన్ని కూర్చోబెట్టకండి" అంది.

పెళ్ళినాడు ఉదయం వాన పడి వెలిసింది. కారు ఒక్క తాపుకే స్టార్టయింది. హస్తిని అన్నందుకు మనసులో క్షమాపణ చెప్పుకున్నాను. విడిదింటి ముందు ఆపగానే పిల్లలంతా లోపలికి తలలు పెట్టి చూశారు. లోపల రంగు ఎవరు చూడొచ్చారన్న పెద్దమనుషులు కూడా తొంగిచూశారు. మేనకోడలు కుడివైపు ఎక్కి సర్దుకుంది. రెండోవైపు ఎవరు కూర్చోవాలన్న దాని మీద మా అక్కయ్య, పెళ్ళికూతురి మేనత్త ఒకరినొకరు మర్యాద చేసుకుంటున్నారు. అమ్మ వాళ్ళిద్దర్నీ తప్పించుకుని వచ్చి, తలుపు తీసి, ఎడమవైపు కూర్చుంది. కింద తువ్వాలు వేస్తానని మా ఆవిడ ముందుకు వచ్చింది.

"అక్కర్లేదమ్మా" అంది అమ్మ.

అద్దంలోంచి చూశాను. మనవరాలి చెయ్యి ఒక చేతిలో పట్టుకుంది. రెండో చెయ్యి పక్కన సీటు మీద ఆనించింది.

"ముసలి కారని పరధ్యానంగా తోలకు. గోతులు చూసుకుని పోనీ" అంది నాతో. కాసేపయ్యాక, "అద్దం ఇంకాస్త దించరా, గాలి రానీ" అంది.